పిడికెడు మట్టి

నిన్న వాన వెలిశాక మనవరాలు పూలకుండీ తవ్వబోతుంటే తడిమట్టి వాసన వచ్చింది. యాభైల నాటి మా గౌలిపుర పెరడు గుర్తొచ్చింది.

అక్కడ మా నాయినమ్మ బర్రెల పేడ వేసి వంకాయలు పండించేది. తవ్వే ముందు పిడికెడు మట్టిని ఉండ చేసి బొటనవేలితో నొక్కేది. ముసలామె లడ్డూల ఆట ఆడుతోందనుకునేదాన్ని.

ఓసారి పెద్ద వాన పడ్డ మర్నాడు, ఆమె పాలు పోయడానికి వెళ్లినప్పుడు, నేల మెత్తగా ఉంది కదా అని మడంతా తవ్వేశాను. మెచ్చుకుంటుందనుకున్నాను. రెండు రోజుల ఎండకు తవ్విన మట్టిపెడ్డలు ఇటుకల్లా బిగిశాయి. ఆ మడిలో నాటే వీల్లేక నాయినమ్మ తను పెంచిన వంగనారు పక్కింటివాళ్లకు ఇచ్చేసింది.

నేను ఏడుస్తుంటే పక్కన కూర్చుంది.

"ఫికర్ చెయ్యకు బిడ్డా. మళ్ల వాన పడితె పెడ్డలు అవే విచ్చుకపోతయ్. గప్పటిదాంక ముట్టకు."

"ఎప్పుడు తవ్వాల్నో ఎట్ల ఎర్కైతది?"

"ఉండను నొక్కు. పొడిపొడి అయితె తవ్వు. పిండి లెక్క అంటుకుంటె పార పక్కకు పెట్టు."

నిన్న మనవరాలికి అదే చెప్పి, అరచేతిలో ఉండ పెట్టాను. నొక్కింది. వేలిముద్ర పడింది కానీ ఉండ విరగలేదు.

"అయితే రేపు చూద్దాం" అంది.

నాకు ఆ మాట నేర్పడానికి నాయినమ్మ ఒక వంగమడి పోగొట్టుకుంది.