అవ్వకు అంటకూడనిది

నా చిన్నప్పుడు, మేము ఉదయగిరిలో ఉన్న రోజుల్లో, మా అవ్వకు ఏ జబ్బు చేసినా ఒక పట్టాన వదిలేది కాదు. నాకు రెండు మూడు రోజుల్లో తగ్గే జ్వరం ఆమెను వారాల తరబడి మంచంలో ఉంచేది. ఒక ఏడు నడుము చుట్టూ అక్కి లేచింది. నాయన కుమ్మరాయన దగ్గరికి తీసుకెళ్లి ఎర్రమట్టితో అక్కి రాయించాడు. పొక్కులు ఎండినా మంట పోలేదు. మరుసటి ఏడు మెడ మీద గడ్డ కనిపించింది. మద్రాసు తీసుకెళ్తే క్యాన్సర్ అన్నారు.

మందులెక్కించుకుని తిరిగొచ్చేసరికి అవ్వ జుట్టంతా రాలిపోయింది. ఆదివారం చర్చి అయ్యాక మా వసారాలో కాసేపు కూర్చుని వెళ్లే ఆడవాళ్లు రావడం మానేశారు. ఆ జబ్బు అంటుకుంటుందని వీధిలో ఎవరో అన్నారట. ఆ మాట అవ్వ చెవినా పడింది. తన కంచం, గ్లాసు తనే వేరుగా పెట్టుకుంది. రోజూ తన పక్కలో పడుకునే నన్ను గది బయటే ఆపేసింది.

"రాబాకమ్మా. ఏం పాపం చేసినానో నాకొచ్చింది. నీకు రాగూడదు" అంది.

నేను గడప దగ్గర కూర్చుని ఏడుస్తుంటే పక్కింటి అత్త చూసింది. ఆమె ఆత్మకూరులో నర్సు. అప్పుడే బస్సు దిగి వస్తోంది. చేతిసంచి పక్కన పెట్టి, సబ్బుతో తన చేతులూ నా చేతులూ కడిగింది. నాకు జలుబు, దగ్గు లేవని అడిగి తెలుసుకుంది. నన్ను తీసుకెళ్లి అవ్వ మంచం మీదే కూర్చోబెట్టి, నా అరచేతిని ఆ గడ్డ మీద ఆనించింది. అవ్వ వెనక్కి జరగబోయింది.

"ఇది అంటేది కాదు పెద్దమ్మా. ఒంట్లో చెడ్డ కణాలు అప్పుడప్పుడు పుడతానే ఉంటాయి. వయసులో ఉన్నప్పుడు ఒళ్లే వాటిని కనిపెట్టి చంపేస్తాది. కళ్లకూ కాళ్లకూ వచ్చినట్టే ఆ శక్తికీ ముసలితనం వస్తాది. అప్పుడు ఏదో ఒకటి తప్పించుకుంటాది."

"అయితే నా పాపం కాదా?"

"పాపమేంది పెద్దమ్మా!"

అవ్వ నన్ను పట్టుకుని చాలాసేపు ఏడ్చింది.

వెళ్తూ వెళ్తూ అత్త నాతో అంది. "ఆమె జబ్బు నీకు రాదు. నీ జలుబే ఆమెకు పోతాది. ఉన్న కాస్త బలాన్నీ ఆ మందులు తినేసినాయి. ముక్కు కారతా ఉంటే లోపలికి పోబాక."

వానలు మొదలయ్యాక నాకు జలుబు చేసింది. ఎవరూ చెప్పకుండానే గడప ఇవతల ఆగిపోయాను. నేనూ భయపడ్డానేమోనని అవ్వ మొహం చిన్నబోయింది. జలుబని చెప్తే నమ్మక, ముక్కు చీదించి చూసి, నవ్వింది. తర్వాత రోజూ బయట నిలబడి ఆమెకు చర్చి పాటలు పాడాను. నా జలుబు తగ్గకముందే అవ్వకు జ్వరం వచ్చింది. అది దగ్గులోకి దిగింది. చివరిరోజు, నా ముక్కు ఇంకా కారుతుండగానే, చెయ్యి చాపి నన్ను రమ్మంది. ఆ చెయ్యి అత్త పట్టుకుంది.

సమాధుల దగ్గర నుంచి వస్తూ అత్త కొంగు లాగి, "నా జలుబేనా?" అని అడిగాను. ఆమె రోడ్డు మీదే మోకాళ్లు వంచి కూర్చుంది.

"నువ్వు గడప దాటలేదు. నేను చూసినాను గదా" అంది.

ఆ మాట వినకపోయి ఉంటే ఆ బరువుతో ఎలా పెరిగేదాన్నో నాకు తెలియదు. ఇప్పటికీ పెద్దవాళ్లను చూడబోయేముందు గొంతు సవరించుకుని చూసుకుంటాను. ఏమాత్రం తేడాగా ఉన్నా తలుపు దగ్గరే నిలబడి పలకరిస్తాను. లోపలివాళ్లు రమ్మని చెయ్యి చాపినప్పుడు మాత్రం, కదలకుండా నిలబడటం ఇన్నేళ్లొచ్చినా నాకు అలవాటు కాలేదు.