అక్కకు రాసిన ఉత్తరం

1942. నాగర్‌కర్నూల్ కోర్టులో నేను వకాలత్ మొదలుపెట్టి ఆరేళ్లయింది. సభలో మాట్లాడినందుకో, కరపత్రం పంచినందుకో కేసుల్లో ఇరుక్కున్నవాళ్లు నా దగ్గరికే వచ్చేవాళ్లు. బాలయ్య ఆ రెండూ చేయలేదు. తిమ్మాజిపేటలో మగ్గం నేసుకునే అతను, గద్వాలలో కాపురమున్న అక్క సత్తెమ్మకు ఉత్తరం రాశాడు. అంతే.

పోలీసులు దాన్ని టపా కచేరీలోనే విప్పి, నకలు రాసుకుని, మళ్లీ అతికించి పంపారు. అధికారుల సామాన్లు ఇక ఊరికే మోయవద్దని మా ఊరోళ్లం అనుకున్నాం అని అందులో ఒక వాక్యం ఉంది. దాన్ని పట్టుకుని, సర్కారు మీద జనాన్ని రెచ్చగొట్టాడని కేసు పెట్టారు.

తమ్ముడు అక్కకు చెప్పుకున్న మాట ప్రచారం ఎట్లా అవుతుందన్నది నా వాదన. ఉత్తరం గడప దాటలేదని చెప్పించడానికి సత్తెమ్మను సాక్షిగా పిలిపించాను. అక్కను కోర్టుకు ఈడ్వొద్దని బాలయ్య బతిమాలాడు. నేనే నచ్చజెప్పాను.

నా ప్రశ్నలకు ఆమె తడబడకుండా బదులిచ్చింది. తర్వాత జిరహ్, అంటే ఎదుటి వకీలు సాక్షిని ప్రశ్నించడం. సర్కారీ వకీలు ఆమెకు చదువొచ్చా అని అడిగాడు. రాదంది.

"మరి ఉత్తరం ఎవరు చదివిన్రు?"

"పక్కింటాయన. మగ్గాల కాడ కూసోని సదివిండు. మా తమ్ముని ముచ్చట గద, అందరు ఇన్నరు."

ఆయన ఇంకేమీ అడగకుండా కూర్చున్నాడు. పదిమందిలో చదివిన ఉత్తరం ప్రచారమేనని మున్సిఫ్ తేల్చారు. ఆరు నెలల ఖైదు. తీర్పు ఉర్దూలో చదవడంతో ఆమెకు అర్థం కాలేదు.

"నేను చెప్పింది అక్కరకొచ్చిందా, వకీలు సాబ్?" అని వరండాలో అడిగింది. వచ్చిందన్నాను. నా వృత్తిలో చెప్పిన అబద్ధాల్లో అంత పిరికిది మరొకటి లేదు.

విడుదలయ్యాక బాలయ్య ఒకసారి వచ్చాడు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అక్కకు సంగతంతా తెలిసిందని, అన్నం ముట్టకుండా పడుకుందని చెప్పాడు.

"ఇగ ఉత్తరాలు రాయ. ఏదన్న ఉంటె కృష్ణ దాటి నడిచిపోయి చెప్పొస్త."

ఉత్తరం విప్పిన పోలీసుల తప్పు గురించి నేను రాత్రింబవళ్లు చదివాను. చదువు రాని మనిషికి ఉత్తరం ఎవరు చదివిపెడతారని ఒక్కసారీ ఆలోచించలేదు. ఆ తర్వాత ఏ సాక్షినైనా ముందు అదే అడిగేవాణ్ణి. అది నేర్చుకోవడానికి నాకు ఒక్క కేసు పట్టింది. ఆ అక్క మాత్రం తన తమ్ముణ్ణి తానే జైలుకు పంపానని బతికినంతకాలం నమ్మింది.