విరిగిన పలకకు పెట్టని బొట్టు

మూడు వారాలుగా గున్నమ్మకు కాలు ఒకచోట నిలవడం లేదు. శ్రీకాకుళంలోని ఒక కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో ఆవిడ పదకొండేళ్లుగా అటెండరు. ఏటేటా కాంట్రాక్టు పొడిగిస్తేనే ఉద్యోగం, ఆ పొడిగింపు ఈ నెలాఖరుకే. రోజూ కోటబొమ్మాళి నుంచి రైల్లో వచ్చి తాళం తీసి, ఊడ్చి, గాజు సామాను కడిగే మనిషి ఇప్పుడు కాలుగాలిన పిల్లిలా బల్లల మధ్య తిరుగుతోంది.

కారణం ఆ ల్యాబులో పరిశోధన చేసే లెక్చరర్ శైలజ మేడమ్ పలకలు. మూడేళ్లు కష్టపడి మేడమ్ నీళ్లంటని పూత ఒకటి తయారుచేసింది. ఆ పూత పూసిన పలకను ఏటవాలుగా పెట్టి నీటిబొట్లు వదిలితే, జారి కింద ఇత్తడి గిన్నెలో పడతాయి. గిన్నెకు తీగ, తీగకు మీటరు. తామరాకు మీద నీటిబొట్టులా అంటీముట్టకుండా బతకమని పెద్దలు చెబుతారు గాని, పాపం ఆ పెద్దల దగ్గర మీటరు లేదు. తడి అంటకపోయినా బొట్టు ఊరికే పోదు. పలక మీద ఒక రకం విద్యుత్తు వదిలి, దానికి ఎదురైన రకం తనతో మోసుకుపోతుంది. అది గిన్నెలో పడగానే సూది కదులుతుంది. దసరా దాకా కదిలింది. సెలవులయ్యాక మానేసింది.

ఎందుకు మానేసిందో గున్నమ్మకు తెలుసు. నాగలికి, కొడవలికి, ఆఖరికి చేటకు కూడా దసరాకు బొట్టు పెట్టే ఇంట్లో పుట్టింది. అన్నం పెట్టే ల్యాబుకు పెట్టకుండా ఉంటుందా? నూనెలో పసుపు కలిపి మీటరుకు, స్టాండుకు, రెండు పలకలకు బొట్లు పెట్టి దండం పెట్టుకుంది. మేడమ్ కోప్పడుతుందేమోనని వెంటనే పలకల్ని కొంగుతో తుడిచేసింది. పసుపు పోయింది, నూనె పలకంతా పరుచుకుంది. అప్పట్నుంచి నీళ్లు జారవు, అతుక్కుంటాయి. మీటరు పగలగొట్టిన పాత అటెండరుని మర్నాడే పంపేశారన్న సంగతి గుర్తుండి, తేలు కుట్టిన దొంగలా నోరెత్తలేదు.

శుక్రవారం మధ్యాహ్నం మేడమ్ నోటుపుస్తకం తీసి, పూత నెల కూడా నిలవదని తేలిపోయింది, ఈ పని ఇక మానేస్తున్నానంది. పలకల్ని బయట పారేసి రమ్మంది. ఆవిడ కళ్లు ఎర్రబడి ఉన్నాయి. గున్నమ్మ పలకలు పట్టుకుని గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి వచ్చింది.

"పూత తప్పేటీ లేదమ్మా. దసరాకి నాను నూనె బొట్టెట్టి తుడిసేసినాను. బయమేసి సెప్పలేదు."

"మూడు వారాలు నా మొహం చూస్తూ ఎలా ఊరుకున్నావు, గున్నమ్మా?"

గున్నమ్మ చేతిలో పలకల్ని బల్ల మీద పెట్టింది. బీరువా వెనక నుంచి కాగితంలో చుట్టిన మూడో పలక తెచ్చింది. అంచు విరిగిందని మేడమ్ ఎప్పుడో పక్కన పడేసి మరిచిపోయింది. పూత మాత్రం ఆ రెండింటితో పాటే పూసింది.

"దీనికెట్టలేదమ్మా. ఇరిగినదానికి పూజ సెయ్యరు కదా."

మేడమ్ పలక బిగించి నీళ్లు వదిలింది. బొట్టు జర్రున జారింది. సూది ఎగిరింది. మళ్లీ వదిలితే మళ్లీ ఎగిరింది. మేడమ్ కూలబడి, పుస్తకంలో గబగబా రాయసాగింది. ఏం రాశారని గున్నమ్మ అడిగింది. ఒకటి, రెండు పలకలకు నూనె అంటిందని రాశానంది మేడమ్.

"ఎవులు అంటించారో అది కూడా రాయండమ్మా. నేకపోతే రేపు ఎవులో పూతే తప్పంటారు."

మేడమ్ పెన్ను ఆపింది. "ఈ పుస్తకం ఆఫీసువాళ్లు చూస్తారు. నీ కాంట్రాక్టు ఈ నెలాఖరుకే."

"సూడనీండి. సూది కదిలింది కదా."