ఓడెక్కిన పసుపు

మా పసుపు బొంబాయి రేవు దాకా పోయి, ఓడెక్కకుండానే జగిత్యాలకు తిరిగొచ్చింది. పట్టపగలు, గంజ్ బజారులో నలుగురూ చూస్తుండగా లారీలోంచి బస్తాలు దించుతుంటే, పక్క కొట్లవాళ్లు మెట్ల మీదికి వచ్చి నిలబడ్డారు.

"ఏంది, సముద్రం దాటుతదన్న పసుపు మల్ల మన గంజ్‌కే వచ్చిందా?" అని ఒకాయన గట్టిగా అడిగాడు.

మా సావుకారు కండువా సర్దుకుని లోపలికి పోయాడు. ఆ సరుకు కాగితాలన్నీ రాసింది నేను. ఆ ప్రశ్న ఆయన్ని కాదు, నన్ను అడిగినట్టే అనిపించింది.

నేను కరీంనగర్‌లో ఉర్దూ మీడియం చదివినవాణ్ణి. పోలీసు యాక్షన్ అయిన మరుసటేడు పని వెతుక్కుంటూ జగిత్యాలకు వస్తే, ఈ సావుకారు నా దస్తూరి చూసి కొట్టులో రాతపనికి పెట్టుకున్నాడు. అప్పుడు సరుకు హైదరాబాద్ రాష్ట్రం హద్దు దాటాలంటే కరోడ్‌గిరి నాకాలో సుంకం కట్టి, ఉర్దూలో రాసిన కాగితం చూపించాలి. ఆ పనికి నేను సరిగ్గా సరిపోయాను. అందరూ నన్ను మున్షీ అనేవాళ్లు. తరువాత నాకాలు పోయాయి, ఆంధ్రప్రదేశ్ వచ్చింది, కాగితాలు ఇంగ్లీషులోకి మారాయి. నా చదువుకు విలువ పోయిందని కొన్నాళ్లు దిగులుపడి, ఆఖరికి ఒక రిటైరైన టీచరు దగ్గర కూర్చుని ఇంగ్లీషు నేర్చుకున్నాను. ముప్పై ఏళ్ల వయసులో పలక పట్టినంత సిగ్గేసింది.

అంతవరకు మా పసుపును బొంబాయి వ్యాపారులు కొని, వాళ్ల పేరు మీద విదేశాలకు పంపేవాళ్లు. మన పేరు మీద మనమే ఎందుకు పంపకూడదని సావుకారుకు పట్టుదల వచ్చింది. మెట్‌పల్లి నుంచి, గోదావరి అవతల ఖానాపూర్ నుంచి మంచి కొమ్ములు ఏరి తెప్పించాడు. నిజామాబాద్‌లో రైలెక్కించాము. నెలన్నరకు బొంబాయిలోని మా ఏజెంటు నుంచి తంతి వచ్చింది: సరుకు రేవులో ఆపేశారు, మనిషిని పంపండి.

నేనే పోయాను. రేవు ఆఫీసులో ఒక మరాఠీ అధికారి నా ముందు మూడు కాగితాలు పరిచాడు. మా గంజ్ చీటీలో తూకం పల్లాల్లో, శేర్లలో ఉంది. నేను నింపిన ఫారంలో కిలోల్లో ఉంది. కొన్నవాడి ఒప్పందంలో టన్నుల్లో ఉంది. లెక్క మారుస్తూ ఎక్కడో ఒకచోట నేను సగాలు, పావులు వదిలేశాను. మూడూ కలవలేదు. ఆ తరువాత ఆయన ఒక పసుపు కొమ్మును తడిగుడ్డకు రాశాడు. గుడ్డ మీద నిమ్మపండు రంగు మరక పడింది.

"ఇది పసుపు కొమ్ముకున్న రంగు కాదు. పైన పూసిన రంగు. ఇందులో సీసం ఉంటుంది. తినే సరుకు మీద పూస్తారా?" అని హిందీలో అడిగాడు.

మా కొట్టులోనే కాదు, అన్ని కొట్లలోనూ పీపాలో కొమ్ములు వేసి తిప్పేటప్పుడు మెరుగు కోసం ఆ రంగుపొడి చల్లేవాళ్లు. ధైర్యం కూడగట్టుకుని అన్నాను: "సాబ్, మా మార్కెట్ కమిటీ సర్క్యులర్ ఒకటి చెప్తుంది. ఢిల్లీ గ్రేడింగ్ నియమాలు ఇంకొకటి చెప్తాయి. పాత హైదరాబాద్ హుకుం ఒకటి ఇంకా మా గోడకే ఉంది. నేను దేన్ని పట్టుకోవాలి?"

ఆయన నవ్వలేదు, కసురుకోలేదు. "మూడింటినీ పట్టుకో. ఎక్కడ ఒకదానికొకటి పడదో, అక్కడ అన్నిటికన్నా గట్టిగా ఉన్నదాని ప్రకారం నడుచుకో. ఎందుకట్లా చేశావో రాసి పెట్టుకో. అప్పుడు నిన్ను ఎవరూ వేలెత్తి చూపలేరు" అన్నాడు.

ఆ మాటను రైల్లో తిరుగు ప్రయాణమంతా మననం చేసుకుంటూ వచ్చాను.

సరుకు తిరిగొచ్చిన మరునాడు కొట్టు వెనక గదిలో ఉన్న కాగితాలన్నీ నేల మీద పరిచాను. గాలికి ఎగరకుండా వాటి మీద తూకం రాళ్లు పెట్టాను. ఉర్దూవి ఒక వరస, ఇంగ్లీషువి ఒక వరస, తెలుగులో వచ్చినవి ఒక వరస. ఎండబెట్టడం నుంచి రైలెక్కించడం దాకా ప్రతి పనికీ ఎవరేం చెప్పారో ఒక పెద్ద అట్ట మీద తెలుగులో రాసుకుంటూ పోయాను. కొన్నిచోట్ల పేచీలు తేలాయి. బస్తా మీద కొట్టు ముద్ర తప్పక ఉండాలని మార్కెట్ కమిటీ అంటుంది. గ్రేడు ముద్ర తప్ప ఇంకేదీ ఉండకూడదని ఢిల్లీ అంటుంది. ఇద్దరికీ ఉత్తరాలు రాశాను. ఒకరు "నియమాల ప్రకారం చేయవలెను" అని జవాబిచ్చారు. ఇంకొకరు జవాబే ఇవ్వలేదు. ఆఖరికి మా ముద్రను చిన్న గుడ్డముక్క మీద వేసి, బస్తా మూతి దగ్గర కుట్టించాను. బస్తా మీద గ్రేడు ముద్ర ఒక్కటే ఉంది, మా ముద్రా ఉంది. ఎందుకట్లా చేశానో తేదీ వేసి రిజిస్టర్‌లో రాసుకున్నాను.

రంగు సంగతికి వచ్చేసరికి సావుకారు ఒప్పుకోలేదు.

"నైజాం హుకుంలనే ఉంది గదా మున్షీ, మెరుగు పెట్టొచ్చని! గప్పటిసంది పెడుతున్నం. రంగు లేకుంటె ఎవడు కొంటడు?"

ఆ ఉర్దూ హుకుంను గోడ మీది నుంచి దించి ఆయన ముందు పెట్టి, మాట మాటా చదివాను. అందులో ఉన్న మాట 'జిలా'. అంటే రుద్ది మెరిపించడం. రంగు అన్న మాట ఎక్కడా లేదు. ఇన్నేళ్లూ ఆ కాగితం గోడకు వేలాడింది, దాన్ని పూర్తిగా చదివినవాడు లేడు. నాతో సహా. నా పాత చదువు అక్కరకు వచ్చిందని ఆ రోజు లోలోపల ఎంత పొంగిపోయానో!

సావుకారు చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "సరే, మన పీపాల రంగు బంద్ జేద్దాం. మరి బయటికెల్లి కొన్న సరుకు సంగతేంది? అది ఎట్ల తెలుస్తది? బొంబాయి సాబు తీరుగ నువ్వు గుడ్డకు రాస్తవా? అసలు పసుపు గూడ గుడ్డకు అంటుతది గదా."

దానికి జవాబు చెప్పింది కొమ్ములు ఏరే ఆడవాళ్లకు పెద్దదిక్కుగా ఉండే అవ్వ.

ఆమెకు అరవై దగ్గర పడ్డాయి. చిన్నప్పటి నుంచి పసుపు ఏరుతూనే ఉంది. చదువు రాదు. నేను అట్ట మీద రాసినవన్నీ ఆ ఆడవాళ్లకు చదివి వినిపిస్తుంటే, ఆమె తమలపాకు నములుతూ వింటూ, మధ్యలో ఆపింది.

"బిడ్డా, గా పొడి పీపాల ఏసినప్పుడల్ల మా పోరగాండ్లకు దగ్గస్తది. నా చేతులకు అంటితె వారం దినాలైనా పోదు. అసలు పసుపైతె రెండుసార్లు కడిగితె పోతది. ఏది అసలుదో మాకు తెల్వదా?"

"ఎట్ల తెలుస్తది అవ్వా? జర చూపించు."

ఆమె చెంగుకున్న సున్నం డబ్బీ తీసింది. తడి తెల్లగుడ్డకు ఒక కొమ్మును రాసి, మరక మీద వేలితో సున్నం చుక్క పెట్టింది. మరక కుంకుమలాగా ఎర్రబడింది. ఇంకో కొమ్ము తీసి రాసింది. అది బొంబాయి నుంచి తిరిగొచ్చిన బస్తాలోది. సున్నం పెట్టినా మరక పసుపుపచ్చగానే ఉండిపోయింది.

"పసుపుల సున్నం కలిస్తె ఎర్రగైతది. పేరంటానికి పోయే ప్రతి ఆడిదానికి ఎరుకే. గిది ఎర్రగ గాలే. పసుపు కాదు గనుకనే."

సావుకారు ఆ రెండు మరకలనూ మార్చి మార్చి చూశాడు. నేను అదే అదనుగా అడిగాను. "ప్రతి బస్తాను అవ్వ చూస్తది. ఆమె వద్దంటె ఆ బస్తా ఆగాలె. మీరు చెప్పినా పోవద్దు. ఆ మాట రాసివ్వండి."

"నా కొట్టుల నా మాట నడవదా?"

"నడవద్దు, సావుకారూ. గట్లయితెనే బొంబాయిల మన మాట నడుస్తది."

నాలుగోనాడు ఆయన ఆ మాట రాసిన కాగితం మీద సంతకం పెట్టి, నా ముందు పడేసి పోయాడు.

ఆ కాగితానికి పరీక్ష మరుసటి సీజన్‌లోనే వచ్చింది. ఓడ తేదీ ఖాయమైంది, నిజామాబాద్‌లో వ్యాగన్ దొరికింది. సరుకు కాస్త తక్కువ పడితే సావుకారు బామ్మర్ది బోథ్ వైపు నుంచి ఒక లారీ తెచ్చాడు. కొమ్ములు బంగారంలాగా మెరుస్తున్నాయి. అవ్వ నాలుగు బస్తాల్లోంచి కొమ్ములు తీసింది. గుడ్డకు రాసింది, సున్నం పెట్టింది. నాలుగు మరకలూ పచ్చగానే ఉన్నాయి.

"ఇది పోదు," అంది.

బామ్మర్ది నామీదికి వచ్చాడు. "ముసలిది సున్నం పెట్టి చెప్తె సరుకు ఆపుతవా? నేనెవరో ఎరుకేనా నీకు?"

నేను తలుపుకు అడ్డంగా నిలబడ్డాను. ఈలోగా సావుకారు వచ్చాడు. బామ్మర్ది ఆయనకు చెప్పుకున్నాడు. సావుకారు ఎవరి మొహమూ చూడకుండా అవ్వ దగ్గరికి పోయి, ఆ గుడ్డ చేతిలోకి తీసుకున్నాడు. తనే ఇంకో బస్తా విప్పి, తనే రాసి, ఆమె డబ్బీలోంచి సున్నం తీసి పెట్టాడు. ఆ మరకా ఎర్రబడలేదు.

"బావా, ఓడ పోతది..." అన్నాడు బామ్మర్ది.

"పోనీ. ఉన్నంతే పంపుదాం. గా లారీ వాపస్ తోలుకపో," అన్నాడు సావుకారు. తరువాత నా వైపు తిరిగి, "మున్షీ, రిజిస్టర్‌ల రాయి. నేనే ఆపిన అని రాయకు. అవ్వ ఆపింది అని రాయి" అన్నాడు.

అట్లాగే రాశాను. ఆ వరస కింద ఆమె వేలిముద్ర వేయించాను. ఆ సరుకు తక్కువే అయినా, ఆగకుండా ఓడెక్కింది. ఆ పైన మా పేరు మీద పోయిన సరుకు మళ్లీ ఎప్పుడూ తిరిగి రాలేదు.

ఒక చిక్కు మాత్రం మిగిలింది. సరుకుతో పంపే ఫారంలో 'పరీక్షించినవారి సంతకం' అనే గడిలో అవ్వ వేలిముద్ర ఉన్నందుకు గ్రేడింగ్ ఆఫీసు అభ్యంతరం చెప్పింది. చదువురాని మనిషి పరీక్ష చెల్లదని రాశారు. అట్లా ఏ నియమంలో ఉందో చూపమని నేను వినయంగానే తిరిగి రాశాను. నాలుగు నెలల తరువాత ఆ ఆఫీసు నుంచి ఒక యువ అధికారి జీపులో జగిత్యాలకే వచ్చాడు. సంచిలోంచి రకరకాల కొమ్ములు తీసి అవ్వ ముందు పోశాడు. కొమ్ములకు గుర్తులు గీసి, ఏది కల్తీదో, ఏది కాదో ఆయన ముందుగానే చిన్న నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. అవ్వ ఏరి రెండు కుప్పలు చేసింది. ఆయన నోట్‌బుక్ తెరిచి చూసుకున్నాడు. ఒక్కటి కూడా తప్పలేదు.

ఏరే ఆడవాళ్లంతా పని ఆపి చూస్తున్నారు. ఆయన మా రిజిస్టర్ తీసుకుని, అవ్వ వేలిముద్ర పక్కన తన సంతకం పెట్టి, 'పరీక్ష తృప్తికరం' అని ఇంగ్లీషులో రాశాడు. దాన్ని నేను తెలుగులో చదివి వినిపిస్తే ఆడవాళ్లు పకపకా నవ్వారు. అవ్వ మాత్రం నవ్వలేదు. నా జీవితంలో ఎన్నో కాగితాలు రాశాను. నేను రాయని ఆ రెండు మాటల్ని చూసినప్పుడు గర్వపడినంతగా దేనికీ పడలేదు.

తరువాత గంజ్‌లోని మూడు నాలుగు కొట్లవాళ్లు వచ్చి మా అట్టను చూసి రాసుకుపోయారు. ఆ రోజు మెట్ల మీద నిలబడి గట్టిగా అడిగినాయన కూడా వచ్చాడు. సావుకారు ఆయనకు కుర్చీ వేయించి, చాయ్ తెప్పించి, "మా మున్షీని అడుగు, చెప్తడు" అన్నాడు.

పరీక్ష అయిన రోజున జీపు ఎక్కబోతున్న అధికారిని అవ్వ ఆపి అడిగిన మాట నాకింకా గుర్తుంది.

"సారూ, గీ పసుపు గా దేశపోల్లు ఏం చేస్తరు? మొకానికి పూసుకుంటరా, తింటరా?"

ఆయన తనకు తెలియదన్నాడు. నిజానికి మాకెవరికీ తెలియదు. అన్నేళ్లుగా మా పసుపు సముద్రం దాటుతోంది, అడిగినవాడు లేడు. నేను బొంబాయి ఏజెంటుకు ఉత్తరం రాశాను. నెలకు జవాబు వచ్చింది: కూరల్లో వేసుకుంటారు, పిల్లలకు పెట్టే అన్నంలో కూడా వేస్తారట.

అది చదివి వినిపించినప్పుడు అవ్వ ఏరుతున్న చేతులు ఆపింది. "పిల్లలు తింటరా? అయితె ఇంకింత మంచిగ చూడాలె," అని, అప్పటికే ఏరి పక్కన పెట్టిన కుప్పను మళ్లీ తన ముందుకు లాక్కుంది.