పారబోసిన సారం

మా వైపు ఎవరికైనా ఒంట్లో బాగోలేదంటే చూడ్డానికి వచ్చేవాళ్ళు చేతులూపుకుంటూ రారు. రామచంద్రపురం చుట్టుపక్కల అందరి దొడ్లలోనూ కొబ్బరిచెట్లే. జ్వరమైనా, కాన్పయినా, ఆపరేషనయినా నాలుగు బొండాలు పట్టుకొస్తారు. మా ఆయనకి రెండు కిడ్నీలూ పాడయ్యాయని తెలిసిన వారానికే మా అరుగు మీద బొండాలు గుట్టపడ్డాయి. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి నుంచి వచ్చినవాళ్ళు ప్రార్థన చేసి, "రోజూ తాగించండమ్మా, కిడ్నీలు కడిగేసినట్టు శుభ్రమైపోతాయి" అని చెప్పి వెళ్ళేవారు. కాకినాడలో డాక్టరు గారు అన్నిటికంటే ముందు వద్దన్నది ఆ నీళ్ళే.

నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. జీర్ణక్రియ పాఠం నోట్లో లాలాజలంతో మొదలుపెట్టి, చిన్నపేగు లోపలి చూషకాలు పోషకాలను రక్తంలోకి పీల్చుకుంటాయని చెప్పి, బొమ్మ గీయించి ముగించేసేదాన్ని. విసర్జన వేరే పాఠం. సిలబస్ అయిపోవాలి కాబట్టి హడావిడిగా లాగించేసేదాన్ని. ఆ రెండు పాఠాలూ ఒకటేనని నాకు మా వంటింట్లో తెలిసింది. పేగుకి మంచీ చెడూ ఆలోచించే పని లేదు. వచ్చినదాన్ని రక్తంలోకి పంపించేస్తుంది. ఎక్కువైనది బయటికి తోసేయవలసింది కిడ్నీలు. అవి మానేస్తే పొటాషియం రక్తంలోనే ఉండిపోయి, పెరిగి పెరిగి, గుండె లయ తప్పిస్తుంది. అరటిపండు, టమాటా, మునగాకు, కొబ్బరినీళ్ళు, బలమని మనం ఏరికోరి పెట్టుకునేవాటిలోనే అది దండిగా ఉంటుంది.

అందుకని కూరగాయలు సన్నగా తరిగి, గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ ఉడకబెట్టి వార్చి, అప్పుడు తాలింపు వేసేదాన్ని. ఉప్పు కూడా పేరుకే. ఆ కూర రుచి గురించి చెప్పకపోవడమే మంచిది. తిండి దగ్గర మొహమాటం లేని మనిషి మా ఆయన. పులుసు బాగుంటే గిన్నె వంచి పోసుకునేవాడు. ఆయన ఆ ముక్కలు నోట్లో పెట్టుకుని నా మొహం చూసి నవ్వేవాడు. ఆ నవ్వు నాకు తిట్టుకంటే కష్టంగా ఉండేది.

మాతోనే ఉండే మా అత్తగారు ఆ వంటని ఒక్కపూట కూడా చూసి ఊరుకోలేకపోయింది.

"సారమంతా తూములో పోసేసి నా కొడుక్కి పిప్పి పెడుతున్నావేంటమ్మాయ్?"

"ఆ సారమే ఆయనకి విషం అత్తయ్యా. మనం కొబ్బరిచెట్లకి పొటాష్ ఎరువు వేస్తాం కదా? అదే ఇదీను. ఆ చెట్టు పీల్చుకున్నదంతా బొండాంలోకే వస్తుంది."

పాఠం బాగా చెప్పానని లోపల మురిసిపోయాను కూడా. ఆవిడ పుట్టినప్పటి నుంచీ కొబ్బరితోటల్లో బతికిన మనిషి. పొటాష్ వేసిన చెట్టుకీ వేయని చెట్టుకీ తేడా ఆవిడకి కళ్ళతో చూసిన సంగతి.

"చెట్టుకి అంత బలమైంది మనిషికి చేటెలా అవుద్దమ్మా?" అంది.

నేను విసుక్కుని లేచిపోయాను. నేను వార్చిన నీళ్ళు వెళ్ళే తూము పక్కన కరివేపాకు మొక్క ఆ ఏడాది ఏపుగా పెరిగింది. వచ్చినవాళ్ళందరికీ ఆవిడ ఆ మొక్కని చూపించేది.

వేసవి వచ్చింది. ఆయనకి మూత్రం రావడం పూర్తిగా ఆగిపోయింది. వారానికి రెండుసార్లు కాకినాడలో డయాలసిస్ చేయించేవాళ్ళం. తాగిన ప్రతి గుక్కా ఒంట్లోనే ఉండి కాళ్ళలోకీ ఊపిరితిత్తుల్లోకీ చేరుతుంది కాబట్టి నీళ్ళు కూడా గ్లాసుతో కొలిచే ఇవ్వాలి. దాహం తట్టుకోలేక ఐసు ముక్క బుగ్గన పెట్టుకుని, చెట్ల కేసి చూస్తూ అరుగు మీద కూర్చునేవాడు. అరుగు మీదకి వచ్చిన బొండాలన్నీ నేను స్కూలుకి పట్టుకుపోయి పంచేసేదాన్ని. దొడ్లో చేతికందేలా కాసేవాటిని ఏం చేయను?

ఒంటిపూట బడులు మొదలయ్యాయి. ఆ సోమవారం మధ్యాహ్నం నేను ఇంటికి వచ్చేసరికి బావి గట్టు దగ్గర చెక్కిన బొండాం డొక్కలు పడున్నాయి. పక్కనే కత్తి. మా అత్తగారి మొహం ఎన్నాళ్ళకో తేటగా ఉంది. ఆయన మంచం మీద పడుకుని ఉన్నాడు.

"కాళ్ళు బరువుగా ఉన్నాయే. లేవలేకపోతున్నాను" అన్నాడు.

"ఎన్ని తాగారండీ?"

నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాగాడు. ఆ పట్టులో బలం లేదు.

"అమ్మనేమీ అనకు. నేనే అడిగాను. తెలిసే అడిగాను" అన్నాడు. పెదాలు తడుపుకుని, "ఎంత బాగున్నాయో తెలుసా" అన్నాడు.

మర్నాడు డయాలసిస్. ఒక్క రోజు ఆగలేకపోయాడు. అంబులెన్సులో కాకినాడ దారి పట్టాం. ఊళ్ళు దాటుతుంటే రోడ్డు పక్కన బళ్ళ మీద బొండాల గెలలు వేలాడుతూనే ఉన్నాయి. సగం దారిలో ఆయన మాట ఆగింది. ఆస్పత్రి గేటు దగ్గరికి వెళ్ళేసరికి గుండె ఆగింది. కుర్ర డాక్టరు చాలాసేపు ఛాతీ మీద నొక్కాడు. తర్వాత నన్ను పక్కకి పిలిచి ఏం తిన్నారని అడిగాడు. చెప్పాను.

"కొబ్బరినీళ్ళు పడవని మీకెవరూ చెప్పలేదామ్మా?" అన్నాడు.

నాకు తల్లీకొడుకులిద్దరి మీదా ఒళ్ళు మండిపోయింది. పోయినవాడి మీద ఇంకా ఎక్కువ. ఆవిడకి తెలియక ఇచ్చింది. ఈయన తెలిసి తాగి, నన్ను నోరెత్తవద్దని చెప్పి మరీ పోయాడు. ఇప్పటికీ ఆ కోపం పోలేదు.

సమాధి చేసి వచ్చాక ఇల్లంతా జనం. మా అత్తగారు గోడకి జారబడి, వచ్చిన ప్రతి ఒక్కరికీ అదే చెబుతోంది.

"ఆఖరికి అమ్మా అని అడిగాడండీ. నా చేత్తో చెక్కిచ్చాను. కడుపునిండా తాగాడు. ఆ పిప్పి కూటితోనే పోనివ్వలేదండి నా బిడ్డని."

విన్నవాళ్ళు కళ్ళు తుడుచుకుని, ఆ తడి కళ్ళతోనే నా వైపు చూసేవారు. మొగుడికి కూడు సరిగా పెట్టని మనిషి ఎలా ఉంటుందా అని చూస్తున్నట్టు ఉండేది. గొంతు దాకా వచ్చింది మాట. ఒక్క మాట చాలు, ఆవిడ మళ్ళీ లేవదు. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

జనం పలచబడ్డాక ఆవిడే లేచి దొడ్లోకి వెళ్ళింది. బొండాం చెక్కి, గ్లాసులో కూడా పోయకుండా, అలాగే తెచ్చి నా చేతికిచ్చింది.

"నిన్నటి నుంచీ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. తాగమ్మా. వాడికిచ్చిన చెట్టుదే."

ఆవిడ చూస్తూ నిలబడింది. తాగాను. ఆయన చెప్పింది నిజమే, చాలా బాగున్నాయి. ఆఖరి చుక్క దాకా తాగి ఖాళీ బొండాం ఆవిడకి ఇచ్చాను. ఆవిడ నా తల నిమిరి వెళ్ళింది.

గంట తిరక్కుండా నాకు మూత్రం వచ్చింది. బాత్రూంలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాను. ఆయన పోయాక ఏడవడం అదే మొదలు.