మారన్న తొలి క్యాసెట్

వల్లూరు భజన బృందానికి గొంతు, హార్మోనియం, అధ్యక్షుడు, మూడూ మారన్నే. ఆయన గానచరిత్రలో రెండు యుగాలున్నాయి. తొంభైలో వచ్చిన రెండో క్యాసెట్ పావగడ బస్టాండు టీ కొట్లన్నింటా మోగింది. ఎనభై నాలుగులో వచ్చిన మొదటిది ఆయన ఇంట్లోనే, ట్రంకుపెట్టెలో స్థిరపడింది. రెండోదాన్ని ఎవరైనా మెచ్చుకుంటే మారన్న మొహం ముడుచుకునేవాడు.

"నా అసలు గొంతు ముందుదాంట్లో ఉండాదప్పా. ఒక్కరన్నా ఇనల్యా."

వినకపోవడానికి కారణముంది. పావగడలో ఒక రేకుల షెడ్డులో రికార్డింగు జరుగుతుండగా, ఆ ఏడాదికి రాసిపెట్టిన వానంతా ఆ మధ్యాహ్నమే కురిసింది. షెడ్డు మళ్లీ దొరకదని బృందం ఆపకుండా పాడింది. క్యాసెట్టులో ముందు వాన, ఎక్కడో వెనక మారన్న. కొన్నవాళ్లు తెచ్చి ఇచ్చేశారు.

తొంభై రెండు. వానలు మొహం చాటేసి అది మూడో ఏడు. అయినా ఆశ చావక మారన్న భార్య కాటమ్మ విత్తనానికి శనక్కాయలు ఒలిపిస్తోంది. వసారాలో పదిమంది ఆడవాళ్లు. ఒలిచే చేతులు ఆడాలంటే పాట ఉండాలన్నది ఊరి రివాజు. లేచి వెళ్లిపోలేని శ్రోతలు కళాకారుడికి మళ్లీ ఎప్పుడు దొరుకుతారు? మారన్న తొలి క్యాసెట్టు పెట్టి, శబ్దం ఆఖరుదాకా పెంచాడు.

రేకుల మీద వాన మొదలైంది. పక్కింటి హొన్నూరమ్మ రెండు బిందెలతో పరుగున బయటికొచ్చి తన చూరు కింద పెట్టింది. పైకి చూసింది. నిప్పులాంటి ఎండ.

"ఏంది మారన్నా, ఇంత మోసం చేస్తివి!"

"మోసం కాదక్కా, పాట."

"పాట యాడుండాది? అంతా వానే కదా!" అంటూనే వచ్చి చేట ముందు కూర్చుంది. "బలే కొడతాండాదే. ఉండు, ఇననీ."

ఒలిచే చేతులు వాన జోరునే అందుకున్నాయి. క్యాసెట్టు రెండో వైపు చివర వాన వెలిసింది. మారన్న గొంతు ఒంటరిగా లేచింది.

"అయ్యో, నిలిచిపాయ. మొదట్నుంచి ఎయ్యప్పా," అంది హొన్నూరమ్మ.

"ఈ ఒక్క పాటా ఇనక్కా. నీకు దండం పెడతా."

"సరే, పాడనీలే. వాన నిలిస్తేనే కదా విత్తేది. ఆ పనికి పాట ఉండల్ల."

ఆ వేసవిలో క్యాసెట్టు ఇంటింటికీ తిరిగింది. తిరిగొచ్చిన ప్రతిసారీ సరిగ్గా వాన వెలిసినచోటే ఆగి ఉండేది. హొన్నూరమ్మ తెచ్చిచ్చినప్పుడు మాత్రం టేపు చివరిదాకా తిరిగి ఉంది. మారన్న దాన్ని రెండు రోజులు వెనక్కి తిప్పనివ్వలేదు.