సగం సగం మాత్రలు

గుండీలక్కకు ఆ పేరు వీధి వాళ్లు పెట్టింది. తోటికోడలు మిషను తొక్కుతుంటే ఈవిడ పక్కన కూర్చుని గుండీలు, హుక్కులు కుడుతుంది. ఆ ఇంట్లో ఏదొచ్చినా ఇద్దరికీ చెరిసగం. అత్తగారి చీవాట్లు కూడా అలాగే పంచుకున్నారు, పాపం!

చివరికి వేళ్ల నొప్పులూ ఇద్దరికీ వచ్చాయి. ఆసుపత్రిలో కొత్త మందు పరీక్షిస్తున్నారంటే ఇద్దరూ చేరారు. కొందరికి అసలు మందు, కొందరికి ఉత్త మాత్ర ఇస్తామనీ, ఎవరిదేదో చివరిదాకా చెప్పబోమనీ డాక్టరుగారు ముందే విడమరిచారు. గుండీలక్క బుద్ధిగా తలూపి ఇంటికొచ్చింది.

"ఒకరికి మందూ, ఒకరికి సున్నమూనా? ఇదేం పంపకమే!" అంటూ కత్తిపీట లాక్కుంది. ఆ రోజు నుంచీ తన మాత్రలో సగం తోటికోడలికి, తోటికోడలి మాత్రలో సగం తనకు.

నాలుగు నెలలకు తోటికోడలు సూదిలో దారం తనే ఎక్కించుకుంది. గుండీలక్క సంబరం చూడాలి!

తర్వాత ఆసుపత్రికెళ్తే డాక్టరుగారూ సంతోషించారు. "ఈ మందు కొందరికి కడుపులో పుండ్లు చేస్తోందమ్మా. వేళ్లు ఇలా ఆడుతున్నాయంటే మీది అసలు మందే అయ్యుంటుంది. రోజూ మాత్ర మొత్తం వేసుకున్నా మీకేమీ కాలేదంటే నాకు ధైర్యంగా ఉంది. అందరికీ ఇంతే ఇవ్వొచ్చేమో."

గుండీలక్క తోటికోడలి వైపు చూసింది. మొత్తం ఎవరు మింగారు గనక!

తోటికోడలు బల్ల కింద ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. చెబితే మందు ఆగిపోతుంది. ఆ పట్టుకు గుండీలక్కకు ఏడుపొచ్చింది. మొన్నమొన్నటిదాకా ఆ చెయ్యి గ్లాసు కూడా పట్టలేకపోయింది. కాసేపటికి ఆ వేళ్లు వదులయ్యాయి. అప్పుడు చెప్పేసింది.

"ఎంత పని చేశారమ్మా!" డాక్టరుగారు నెత్తిన చెయ్యి పెట్టుకున్నారు.

"నేనొక్కదాన్నే బాగుపడి, పక్కన దీని మూలుగు ఎలా వినను బాబూ?"

ఆయన వాళ్ల కాగితాలు పక్కన పెట్టారు. "ఒకే ఇంటి వాళ్లని ఇద్దర్నీ తీసుకోవడం నా పొరపాటే. చెప్పి మంచిపని చేశారు. కానీ ఇక మీకు ఈ మందు ఇవ్వలేను," అన్నారు.

వానలు పడేసరికి తోటికోడలి వేళ్లు మళ్లీ బిగుసుకున్నాయి. గుండీలక్క పొద్దున్నే కూర్చుని తన వంకర వేళ్లతోనే సూదులన్నిటికీ దారాలెక్కించి పెడుతోంది. ఏ సూదికెక్కించినా మనసు చివుక్కుమంటూనే ఉంది.

"నా వల్లే కదే నీకీ బాధ," అంది ఓ రోజు ఉండబట్టలేక.

తోటికోడలు మిషను ఆపింది. "ఆహా, మంచిదానివన్న పేరంతా నువ్వే కొట్టేద్దామనా? ఆ రోజు నేను చెయ్యి వదలబట్టేగా నువ్వు చెప్పావు. అందులో సగం నాది అక్కా."